ఐబ్రాక్స్‌లో ఐపీ: సెల్టిక్ అభిమాని కళ్లతో

2012 ఫిబ్రవరి 14న, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో, 140 ఏళ్ల చరిత్ర ఉన్న రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అప్పులు తీర్చలేని సంస్థను యజమాని చేతుల్లోంచి తప్పించి, చట్టం గుర్తించిన నిర్వాహకుల చేతుల్లో పెట్టడాన్ని అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. తెలుగునాట బజార్లో ఫలానా షావుకారు ఐపీ పెట్టాడట అని తెలిసిన రోజు ఊళ్లో ఎలాంటి దిగులు అలుముకుంటుందో, ఆ సాయంత్రం ఐబ్రాక్స్ మైదానం గేట్ల ముందు చేరిన నీలి కండువాల జనంలో అలాంటి దిగులే ఉంది. అదే ఊళ్లో, క్లైడ్ నదికి అవతల, ఆకుపచ్చ కండువాల వాళ్లకు ఆరోజు పండగ. వాళ్లు సెల్టిక్ అభిమానులు. ప్రత్యర్థి కుప్పకూలితే వాళ్లు ఎందుకంత సంబరపడ్డారన్నది పగ ఒక్కదానితో తేలే విషయం కాదు. పగ ఉన్న మాట నిజమే, అది నూరేళ్లు దాటిన పగ. దాని కింద ఒక లెక్క కూడా ఉంది. ఆ లెక్క తెలియకపోతే ఆ సంబరం వట్టి క్రూరత్వంగా కనిపిస్తుంది.

రేంజర్స్ పుట్టింది 1872లో. సెల్టిక్ పుట్టింది 1887లో. ఐర్లండ్ నుంచి వలస వచ్చి, గ్లాస్గో తూర్పు పేటల్లో ఆకలితో బతుకుతున్న కుటుంబాల పిల్లలకు తిండి పెట్టడానికి డబ్బు కావాలని, బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే కాథలిక్ సన్యాసి పూనుకుని పెట్టిన క్లబ్ అది. 1888 మే 28న ఆడిన మొట్టమొదటి ఆట రేంజర్స్‌తోనే. సెల్టిక్ 5-2తో గెలిచింది. అప్పట్లో రెండు క్లబ్బుల మధ్య స్నేహమే ఉండేది. వలస, మతం, ఐర్లండ్ రాజకీయాలు పోనుపోను ఆటలోకి వచ్చి చేరాయి. రేంజర్స్ ప్రొటెస్టెంట్ల క్లబ్, సెల్టిక్ కాథలిక్కుల క్లబ్ అన్న ముద్ర పడింది. 1989 వరకు, కాథలిక్ అని అందరికీ తెలిసిన పేరున్న ఆటగాణ్ని రేంజర్స్ తీసుకోలేదు. అయినా ఈ జంటకు 'ఓల్డ్ ఫర్మ్' అనే పేరు స్థిరపడింది. ఫర్మ్ అంటే వ్యాపార సంస్థ. ఇద్దరూ ఎంత కొట్టుకుంటే గేటు దగ్గర ఇద్దరికీ అంత వసూలు అన్న ఎత్తిపొడుపు ఆ పేరులోనే ఉంది.

ఈ వైరానికి హద్దు ఎక్కడో కూడా ఆ ఊరికి తెలుసు. 1971 జనవరి 2న ఐబ్రాక్స్‌లో ఈ రెండు జట్ల మధ్య ఆట ముగిసి జనం బయటికి పోతుండగా, 13వ నంబరు మెట్ల దగ్గర తొక్కిసలాట జరిగి 66 మంది చనిపోయారు. ఆరోజు ఊరంతా కలిసి ఏడ్చింది. మనుషుల చావు వేరు, కంపెనీ చావు వేరు అన్న తేడా సెల్టిక్ అభిమానులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2012లో వాళ్లు పండగ చేసుకున్నది కంపెనీ చావుకి.

ఆ పండగకు మూలం పద్దెనిమిదేళ్ల వెనక, తమ సొంత ఇంట్లో ఉంది. 1994 మార్చి మొదటి వారంలో దివాలా గుమ్మం దగ్గర నిలబడింది సెల్టిక్. తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లోనే నడిచిన ఆ క్లబ్‌కు బ్యాంకులో 50 లక్షల పౌండ్లకు పైగా ఓవర్‌డ్రాఫ్ట్ పేరుకుపోయింది. మైదానం పాతబడింది. అభిమానులు టికెట్లు కొనడం మానేసి, ఆటలు బహిష్కరించి, యాజమాన్యం దిగిపోవాలని వీధికెక్కారు. బ్యాంకు గడువు పెట్టింది. మార్చి 4న ఆ గడువు ముగిసే ముందు, చివరి నిమిషాల్లో, ఫెర్గస్ మెక్‌కాన్ డబ్బు కట్టాడు. స్కాట్లాండ్‌లో పుట్టి, కెనడా వెళ్లి వ్యాపారంలో సంపాదించుకున్న మనిషి. పొట్టి ఆకారం, టోపీ, కళ్లజోడు, లెక్క దగ్గర మొహమాటం లేని మాట. ఆ తర్వాత షేర్లు అమ్మకానికి పెడితే సుమారు 10,000 మంది అభిమానులు కొన్నారు. కూలీనాలీ చేసుకునేవాళ్లు, పింఛనుదార్లు కూడా దాచుకున్న డబ్బు తెచ్చి పెట్టారు. ఆ డబ్బు అండతో పాత మైదానాన్ని చాలావరకు పడగొట్టి, సెల్టిక్ పార్క్‌ను 60,000 మంది కూర్చునేలా కొత్తగా కట్టారు.

మెక్‌కాన్ సూత్రం ఒక్కటే. ఎంత వస్తే అంతలోనే ఖర్చు. ఈ పట్టుదల అభిమానులకు నచ్చలేదు. అవతల రేంజర్స్ యూరప్ నలుమూలల నుంచీ ఖరీదైన ఆటగాళ్లను దింపుతుంటే, ఇక్కడ పైసా పైసాకీ లెక్క అడుగుతున్నాడని విసుక్కున్నారు. 1998లో సెల్టిక్ లీగ్ గెలిచి, రేంజర్స్ వరసగా పదో టైటిల్ కొట్టకుండా ఆపింది. ఆ ఆగస్టులో విజయ పతాకం ఎగరేయడానికి మెక్‌కాన్ మైదానంలోకి వస్తే, ఆయన కట్టించిన స్టాండ్లలోనే కూర్చున్న వాళ్లు ఆయన్ను గేలి చేశారు. మరుసటి సంవత్సరం తన వాటాలు అమ్ముకుని వెళ్లిపోయాడు. ఈ దృశ్యానికి రెండో భాగం పదహారేళ్ల తర్వాత జరిగింది. మధ్యలో ఐబ్రాక్స్ కూలింది.

రేంజర్స్‌ను 1988లో ఉక్కు వ్యాపారి డేవిడ్ మర్రే 60 లక్షల పౌండ్లకు కొన్నాడు. ఆయన హయాంలో 1989 నుంచి 1997 దాకా వరసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు వచ్చాయి. సెల్టిక్ ఐదు పౌండ్లు ఖర్చు పెడితే తాము పది పెడతామన్న ధీమా ఆయనది. ఆ మాట గ్లాస్గోలో సామెతలా తిరిగింది. 2000 నవంబరులో టోరే ఆండ్రే ఫ్లో అనే నార్వే ఆటగాడి కోసం రేంజర్స్ 1.2 కోట్ల పౌండ్లు పెట్టింది. టీవీ హక్కుల ద్వారా ఇంగ్లండ్ క్లబ్బులకు వచ్చే డబ్బులో చిన్న వంతు కూడా రాని దేశంలో, యాభై లక్షల జనాభా ఉన్న దేశంలో, పెట్టిన ఖర్చు అది. వెనక బ్యాంకు ఆఫ్ స్కాట్లాండ్ ఉంది, మర్రే వ్యాపార సామ్రాజ్యం ఉంది అన్న నమ్మకంతో అప్పు మీద అప్పు పెరిగింది.

ఆ ఖర్చును తేలిక చేసుకోవడానికి దొరికిన దారే ఉద్యోగుల ప్రయోజన ట్రస్టు. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఈబీటీ. అది పనిచేసే తీరు ఇదీ. ఆటగాడికి ఇవ్వాల్సిన జీతంలో కొంత భాగాన్ని క్లబ్ నేరుగా అతని చేతికి ఇవ్వదు. ట్రస్టుకు ఇస్తుంది. ట్రస్టులో ఆ ఆటగాడి పేరు మీద ఒక ఉప ట్రస్టు ఉంటుంది. ఆ ఉప ట్రస్టు అతనికి అప్పు ఇస్తుంది. కాగితం మీద అది అప్పు. ఎవరూ అడగని, ఎవరూ తీర్చని అప్పు. జీతమైతే ఆదాయపు పన్ను కట్టాలి, అప్పయితే అక్కర్లేదు. 2001 నుంచి 2010 వరకు సుమారు 4.7 కోట్ల పౌండ్లు ఈ దారిలో నడిచాయి. దీనికి తోడు, ఈ చెల్లింపుల సంగతి చెప్పే పక్క ఉత్తరాలను ఫుట్‌బాల్ అధికారులకు ఇచ్చిన ఒప్పందాలతో జతచేయలేదు. జీతానికి సంబంధించిన ప్రతి కాగితమూ లీగ్ దగ్గర నమోదు కావాలన్నది నియమం.

సెల్టిక్ అభిమాని మనసులో ములుగర్రలా గుచ్చుకునేది ఈ ఘట్టమే. 2003 మే 25న, లీగ్ చివరి రోజున, రెండు జట్లూ సరిగ్గా 97 పాయింట్లతో ముగించాయి. గోల్స్ తేడా చూశారు. రేంజర్స్‌కు 73, సెల్టిక్‌కు 72. ఒక్క గోల్‌తో టైటిల్ ఐబ్రాక్స్‌కు పోయింది. 2005 మే 22న మళ్లీ చివరి రోజు. మదర్‌వెల్‌లో సెల్టిక్ 1-0తో ముందంజలో ఉంది, టైటిల్ చేతిలో ఉన్నట్టే. ట్రోఫీని మోసుకుంటూ హెలికాప్టర్ గాల్లో ఉంది. ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాల ముందు మదర్‌వెల్ ఆటగాడు స్కాట్ మెక్‌డొనాల్డ్ ఒక గోల్, వెంటనే ఇంకో గోల్ కొట్టాడు. హెలికాప్టర్ దారి మార్చి రేంజర్స్ ఆడుతున్న ఎడిన్‌బరా వైపు తిరిగింది. ఆ రోజులు తలచుకుంటే సెల్టిక్ మనిషికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అవి రెండూ ట్రస్టు డబ్బు నడిచిన సంవత్సరాలే. కట్టాల్సిన పన్ను కట్టి ఉంటే ఆ ఆటగాళ్లలో ఎంతమందిని రేంజర్స్ పోషించగలిగేది? ఆ ఒక్క గోల్ కొట్టేదా? రుజువుకు అందని ప్రశ్నలు ఇవి. అందుకే మానని గాయాలుగా మిగిలాయి. న్యాయంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి కూడా ఉంది. సెల్టిక్ కూడా ఒకే ఒక్క ఆటగాడి కోసం ఇలాంటి ట్రస్టు పెట్టింది. తర్వాత పన్ను శాఖతో తేల్చుకుని కట్టాల్సింది కట్టేసింది. రేంజర్స్‌లో ఇది ఏళ్ల తరబడి సాగిన పద్ధతి.

2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకు ఆఫ్ స్కాట్లాండ్ యజమాని సంస్థ కుదేలై, లాయిడ్స్ చేతుల్లోకి పోయింది. కొత్త యజమాని పాత అప్పులు అడగడం మొదలుపెట్టాడు. పన్ను శాఖ నోటీసులు కూడా అప్పటికే వచ్చాయి. కొంటామని వచ్చినవాళ్లు ఆ పన్ను కేసు చూసి వెనక్కి పోయారు. చివరికి 2011 మే 6న క్రెయిగ్ వైట్ అనే వ్యాపారి, మర్రే దగ్గరున్న 85 శాతం వాటాను ఒకే ఒక్క పౌండుకు కొన్నాడు. బ్యాంకుకు ఉన్న సుమారు 1.8 కోట్ల పౌండ్ల బాకీ తీర్చడం షరతు. తొమ్మిది రోజుల తర్వాత రేంజర్స్ మళ్లీ లీగ్ గెలిచింది, సెల్టిక్ మీద ఒక్క పాయింటు తేడాతో.

వైట్ బాకీ తీర్చిన డబ్బు తన జేబులోది కాదని తర్వాత బయటపడింది. టికెటస్ అనే సంస్థకు రేంజర్స్ రాబోయే సీజన్ల టికెట్లను ముందే అమ్మి, ఆ వచ్చిన 2 కోట్ల పౌండ్ల పైచిలుకుతో బ్యాంకు లెక్క సరిచేశాడు. చేలో పైరు ఇంకా మోకాలెత్తు లేకుండానే ఆ పంటా, దాని తర్వాత రాబోయే పంటలూ కలిపి ఒకరికి రాసిచ్చేసి, ఆ డబ్బుతో ఆ పొలాన్నే కొన్నట్టు. ఇక ఏడాది పొడవునా తినడానికి ఏముంటుంది? సీజన్ టికెట్ అంటే అభిమాని ఎండాకాలంలో ముందుగా కట్టే డబ్బు. చాలా ఇళ్లలో వాయిదాల మీద, కొన్నిచోట్ల తాత పేరు మీదున్న సీటు మనవడు నిలబెట్టుకోవాలని కట్టే డబ్బు. ఆ డబ్బు గేటు దాటక ముందే వేరొకరి సొత్తయిపోయింది. ఆటగాళ్ల జీతాల్లోంచి కోసుకున్న ఆదాయపు పన్ను, టికెట్ల మీద వసూలైన అమ్మకపు పన్ను ప్రభుత్వానికి చేరడం ఆగిపోయింది. తొమ్మిది నెలల్లో ఆ బాకీ దాదాపు 90 లక్షల పౌండ్లయింది. దాని మీదే పన్ను శాఖ కోర్టుకు వెళ్లింది. క్లబ్ కొనుగోలుకు సంబంధించి వైట్ మీద తర్వాత మోసం కేసు నడిచింది. 2017 జూన్‌లో జ్యూరీ ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది.

అడ్మినిస్ట్రేషన్ అనగానే నిబంధన ప్రకారం రేంజర్స్‌కు 10 పాయింట్ల కోత పడింది. ఇక్కడ సెల్టిక్ అభిమాని ఒక మాట గట్టిగా పట్టుకుంటాడు. ఆ కోత పడే నాటికే సెల్టిక్ 4 పాయింట్లు ముందుంది. ఆ సీజన్‌లో నవంబరు నాటికి రేంజర్స్ కంటే 15 పాయింట్లు వెనకబడి, అక్కడినుంచి ఒక్కొక్క ఆటా గెలుచుకుంటూ వచ్చి దాటింది. ఏప్రిల్ 7న కిల్మార్నాక్‌లో 6-0తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకుంది. చివరికి తేడా 20 పాయింట్లు. కోత తీసేసినా 10. తాము గెలిచింది మైదానంలోనే అని చెప్పుకోవడం ఆ అభిమానులకు టైటిల్ అంత ముఖ్యం.

స్టాండ్లలో సంబరం అవధులు దాటింది. జెల్లీ, ఐస్‌క్రీం అన్నవి బ్రిటన్‌లో చిన్నపిల్లల పుట్టినరోజు విందులో పెట్టేవి. ప్రత్యర్థి చచ్చిన రోజున జెల్లీ, ఐస్‌క్రీం తింటామని సెల్టిక్ అభిమానులు పాట కట్టుకుని పాడారు. ఆ ఏడాది వసంతమంతా అదే పాట. రేంజర్స్ బాకీల మొత్తం 13.4 కోట్ల పౌండ్ల దాకా పోవచ్చని నిర్వాహకులు లెక్క చెప్పినప్పుడు ఆ పాట ఇంకా గట్టిగా వినిపించింది.

ఆ లెక్కలో డబ్బు రావాల్సినవాళ్ల జాబితా కూడా వెలువడింది. కోట్లు రావాల్సిన పన్ను శాఖ పేరు పైన ఉంది. కింద చిన్నచిన్న పేర్లున్నాయి. ఆట రోజున పిల్లల ముఖాలకు రంగులు వేసినందుకు 40 పౌండ్లు రావాల్సిన ఒకామె ఉంది. వార్తాపత్రికలు వేసే కొట్టు ఉంది. మైదానం దగ్గర అత్యవసర వైద్యానికి మనుషుల్ని పంపిన అంబులెన్స్ సర్వీసు, బందోబస్తు చేసిన పోలీసు శాఖ ఉన్నాయి. టికెట్ డబ్బు రావాల్సిన డన్‌ఫర్మ్‌లిన్, డండీ యునైటెడ్, ఒక ఆటగాణ్ని అమ్మి వాయిదాల కోసం ఎదురుచూస్తున్న హార్ట్స్ క్లబ్ ఉన్నాయి. పండగ మధ్యలో ఈ జాబితా చదివిన సెల్టిక్ అభిమానుల్లో చాలామందికి కోపం రూపం మారింది. ఒక క్లబ్ ఇంకో క్లబ్‌ను మోసం చేసిందన్న మాట అప్పటిదాకా. ముఖాలకు రంగులు వేసే మనిషికి కూడా 40 పౌండ్లు ఇవ్వకుండా కప్పులు ఎత్తుకున్నారన్న మాట అప్పటినుంచి. ఈ రెండో కోపమే ఎక్కువ న్యాయమైనది. పన్ను అంటే ఆసుపత్రి, బడి. గ్లాస్గో తూర్పు పేటలు బ్రిటన్‌లోకెల్లా అతి తక్కువ ఆయుర్దాయం ఉన్న ప్రాంతాల్లో లెక్క. అక్కడి జనం పన్ను ఎగవేతను ఆటలో ఫౌల్‌గా చూసి ఊరుకోలేరు.

2012 మేలో చార్ల్స్ గ్రీన్ అనే ఇంగ్లండ్ వ్యాపారి ముందుకొచ్చాడు. బాకీ రావాల్సినవాళ్లంతా పౌండుకు కొన్ని పెన్నీలు తీసుకుని సరిపెట్టుకుంటే క్లబ్ కంపెనీని బతికిస్తానన్నాడు. పెద్ద బాకీ పన్ను శాఖదే. జూన్ 12న అది ఒప్పుకోనంది. అంతటితో పాత కంపెనీకి లిక్విడేషన్, అంటే ఆస్తులమ్మి మూసేయడం, తప్పలేదు. మైదానం, పేరు, శిక్షణ కేంద్రం వంటి ఆస్తులను గ్రీన్ కొత్త కంపెనీ 55 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. ఆటగాళ్లలో చాలామంది కొత్త కంపెనీకి రాబోమని వెళ్లిపోయారు.

కొత్త కంపెనీని మొదటి శ్రేణి లీగ్‌లో ఉంచాలా వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. రేంజర్స్ లేకపోతే టీవీ డబ్బు పోతుందని, స్కాట్లాండ్ ఫుట్‌బాల్ మెల్లగా చచ్చిపోతుందని పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లే హెచ్చరించారు. ఈ బెదిరింపుకు జవాబు యాజమాన్యాల దగ్గర నుంచి రాలేదు. అబర్డీన్, హైబర్నియన్, డండీ యునైటెడ్ వంటి క్లబ్బుల మామూలు అభిమానులు ఇచ్చారు. రేంజర్స్‌ను అడ్డదారిన పైన కూర్చోబెడితే వచ్చే ఏడాది సీజన్ టికెట్లు కొనబోమని తమ తమ క్లబ్బులకు తేల్చి చెప్పారు. చిన్న క్లబ్‌కు సీజన్ టికెట్ డబ్బే ఏడాది గ్రాసం. జూలై 4న 12 క్లబ్బులు ఓటేస్తే 10 వద్దన్నాయి, ఒకటి తటస్థంగా ఉంది, రేంజర్స్ మాత్రమే కావాలంది. జూలై 13న కింది శ్రేణుల 30 క్లబ్బుల్లో 25, కొత్త సభ్యుడు అందరిలాగే అట్టడుగున, అంటే నాలుగో శ్రేణి అయిన మూడో డివిజన్‌లో, మొదలుపెట్టాలని ఓటేశాయి. స్కాట్లాండ్ ఫుట్‌బాల్ చరిత్రలో అభిమాని మాట ఇంత బరువు తూగిన సందర్భం మరొకటి లేదు. ఆ ఎండాకాలంలో సెల్టిక్ అభిమానులు పడ్డ సంతోషంలో ఇదే అన్నిటికంటే గౌరవించదగ్గ భాగం.

2012 ఆగస్టు 11న రేంజర్స్ మొదటి లీగ్ ఆట ఈశాన్య తీరాన చేపల రేవు పీటర్‌హెడ్‌లో జరిగింది. చివరి నిమిషాల్లో గోల్ కొట్టి 2-2తో బయటపడింది. అక్టోబరులో పట్టిక అడుగున ఉన్న స్టర్లింగ్ ఆల్బియన్ చేతిలో 1-0తో ఓడింది. ఆరోజు స్టర్లింగ్ మేనేజరు మైదానంలో లేడు, తన పెళ్లిలో ఉన్నాడు. సెల్టిక్ ఇళ్లలో ఈ కథ ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. వాళ్లు అంత ఉత్సాహంగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆగస్టు 18న ఈస్ట్ స్టర్లింగ్‌షైర్‌తో ఆడిన ఆటకు ఐబ్రాక్స్‌కు 49,118 మంది వచ్చారు. ఒక దేశపు నాలుగో శ్రేణి లీగ్ ఆటకు అంతమంది రావడాన్ని అప్పట్లో ప్రపంచ రికార్డుగా చెప్పుకున్నారు. పన్ను ఎగ్గొట్టింది వాళ్లు కాదు. ట్రస్టుల కాగితాల మీద సంతకాలు పెట్టింది వాళ్లు కాదు. అభిమానం అంటే ఏమిటో తెలిసిన సెల్టిక్ మనిషి ఎవరైనా ఆ అంకె దగ్గర కాసేపు నోరు మెదపలేడు. 1994లో తాము కూడా అలాగే నిలబడ్డారు కాబట్టి.

ప్రత్యర్థి లేని నాలుగేళ్లు సెల్టిక్‌కు మొదట స్వర్గంలా మొదలయ్యాయి. 2012 నవంబరు 7న, క్లబ్ 125వ పుట్టినరోజు మర్నాడు, చాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనాను సెల్టిక్ పార్క్‌లో 2-1తో ఓడించింది. రెండో గోల్ కొట్టిన టోనీ వాట్ వయసు 18. లీగ్‌లో మాత్రం ఉప్పు లేని కూరలా తయారైంది ఆట. టైటిల్ ఎవరిదో శీతాకాలానికే తెలిసిపోయేది. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు కూడా కొన్ని ఆటలకు రావడం మానేశారు. టీవీలో చూస్తే పై అంతస్తులో ఖాళీ సీట్ల ఆకుపచ్చ రంగు బారులు తీరి కనిపించేది. లీగ్‌లో పోటీ లేదు కాబట్టి యాజమాన్యం మంచి ఆటగాళ్లను అమ్ముకుని కొత్తవాళ్ల మీద ఖర్చు తగ్గిస్తోందన్న విమర్శ సొంత అభిమానుల నుంచే వచ్చింది. రేంజర్స్ లేకపోయినా బతకగలం అన్నది నిజమైంది. ఎలా బతుకుతున్నాం అన్న ప్రశ్న మిగిలింది.

2014 ఆగస్టులో ఫెర్గస్ మెక్‌కాన్ మళ్లీ సెల్టిక్ పార్క్‌కు వచ్చాడు. విజయ పతాకం ఎగరేయమని క్లబ్ పిలిచింది. ఆయన టోపీతో, కళ్లజోడుతో మైదానంలోకి నడిచి వస్తుంటే స్టాండ్లన్నీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. 1998లో గేలి చేసిన గొంతులు ఆ చప్పట్లలో ఎన్ని ఉన్నాయో. రేంజర్స్ పతనం సెల్టిక్ అభిమానికి చెప్పిన పాఠం ప్రత్యర్థి గురించి కంటే, తాము ఒకప్పుడు అర్థం చేసుకోలేకపోయిన తమ మనిషి గురించే ఎక్కువ.

ఇక మిగిలింది అసలు గొడవ. ఇప్పుడు ఐబ్రాక్స్‌లో ఆడుతున్నది పాత క్లబ్బా, కొత్త క్లబ్బా? కంపెనీ వేరు, క్లబ్ వేరు, కంపెనీ పోయినా క్లబ్ కొనసాగుతుందన్నది రేంజర్స్ వైపు వాదన. ఫుట్‌బాల్ అధికారులు కూడా ఆ మాటే ఒప్పుకున్నారు. చాలామంది సెల్టిక్ అభిమానులు ఒప్పుకోరు. 2012లో చచ్చింది చచ్చినట్టే, ఇది దాని మైదానం కొనుక్కున్న వేరే క్లబ్ అంటారు. 2015 ఫిబ్రవరి 1న లీగ్ కప్ సెమీఫైనల్లో రెండు జట్లూ మళ్లీ ఎదురుపడే ముందు, కొందరు సెల్టిక్ అభిమానులు చందాలు వేసుకుని సండే హెరాల్డ్ పత్రికలో పేజీ నిండా ప్రకటన వేయించారు. ఈ రెండు క్లబ్బులకూ ఇదే మొట్టమొదటి ఆట అన్నది దాని సారాంశం. బయటివాళ్లకు అది అల్లరిలా కనిపిస్తుంది. లోపల ఉన్న వాదం గట్టిది. అప్పులన్నీ పాత పేరు మీద వదిలేసి, కప్పులన్నీ కొత్త పేరు మీద తెచ్చుకోవడం ఎక్కడి న్యాయం అని. ముఖాలకు రంగులు వేసిన ఆమెకు రావాల్సిన 40 పౌండ్లు పాత కంపెనీ ఖాతాలోనే ఉండిపోయాయి.

ట్రస్టు సంవత్సరాల టైటిళ్ల సంగతి కూడా తేలలేదు. లార్డ్ నిమ్మో స్మిత్ నేతృత్వంలోని విచారణ సంఘం 2013 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. చెల్లింపుల కాగితాలు నమోదు చేయకపోవడం తప్పేనని పాత కంపెనీకి 2,50,000 పౌండ్ల జరిమానా వేసింది. టైటిళ్లు మాత్రం తీసేయలేదు. అప్పటికి పన్ను ట్రిబ్యునల్ ఆ పథకం చాలావరకు చట్టబద్ధమేనని చెప్పి ఉంది. ఆ తీర్పు తర్వాత తారుమారైంది. 2017 జూలై 5న బ్రిటన్ సుప్రీంకోర్టు, ట్రస్టు ద్వారా పోయినా ఆ డబ్బు ఆటగాళ్ల జీతమే, దానికి పన్ను కట్టాల్సిందేనని తేల్చింది. ఆధారమే మారింది కాబట్టి మళ్లీ విచారించాలని సెల్టిక్ అడిగింది. స్కాట్లాండ్ ఫుట్‌బాల్ సంఘం కుదరదంది. చట్టం పదేళ్ల తర్వాతైనా తమ మాటే నిజమంటే, ఆట పెద్దలు పుస్తకం మూసేశారన్న బాధ ఆ అభిమానుల్లో ఇప్పటికీ పచ్చిగానే ఉంది. ఆ బాధకు కారణం ఉంది.

రేంజర్స్ ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ 2016లో మొదటి శ్రేణికి తిరిగి వచ్చింది. ఆ సెప్టెంబరు 10న సెల్టిక్ పార్క్‌లో జరిగిన మొదటి లీగ్ ఆటలో సెల్టిక్ 5-1తో గెలిచింది, మూసా డెంబెలే మూడు గోల్స్ కొట్టాడు. ఖాళీ సీట్లు ఎక్కడా లేవు. సెల్టిక్ 2012 నుంచి 2020 దాకా వరసగా తొమ్మిది టైటిళ్లు కొట్టింది. పదోది రాకుండా 2021లో రేంజర్స్ ఆపింది, ఆ సీజన్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఓడకుండా. అధికారిక లెక్కలో అది వాళ్లకు 55వ టైటిల్. 2025లో సెల్టిక్ కూడా 55కు చేరింది, ఆ ఏడాది రికార్డు పుస్తకాల్లో ఇద్దరూ సమానమయ్యారు. సెల్టిక్ పార్క్ ఉన్న పార్క్‌హెడ్ వీధుల్లో లెక్క వేరు. అక్కడ 54 దగ్గర ఒక క్లబ్ పేరు కొట్టేసి, దాని కింద ఇంకో క్లబ్ పేరు రాసి, ఎదురుగా 1 అని వేస్తారు.